పాత అమెరికన్ పిన్‌బ్యాక్ బటన్ల సేకరణ: బొమ్మ చూసి మురిసిపోయే ముందు వెనక్కి తిప్పి చూడండి

మన ఊళ్ళల్లో ఎన్నికలొస్తే పార్టీ కార్యకర్తలు, కొత్త సినిమా రిలీజైతే అభిమాన సంఘాల వాళ్ళు చొక్కాకి గుచ్చుకుని తిరిగే గుండ్రటి బ్యాడ్జీ ఉంది కదా, దాని ముత్తాతల గురించే ఈ గైడ్. అమెరికాలో వీటిని పిన్‌బ్యాక్ బటన్లంటారు. ముందు బొమ్మ, వెనక పిన్ను, అంతే. 1896 నుంచి 1970ల దాకా సిగరెట్లతో, రొట్టెలతో, పొద్దున పిల్లలు తినే సీరియల్ డబ్బాలతో, సినిమా హాళ్ళలో వీటిని కోట్ల కొద్దీ పంచారు. మిక్కీ మౌస్, పొపాయ్, సూపర్‌మ్యాన్, ఫాంటమ్ లాంటి కథల బొమ్మలు కొన్నయితే, ప్లాంటర్స్ పల్లీల మిస్టర్ పీనట్, కరెంటు కంపెనీల రెడ్డీ కిలోవాట్ లాంటి ప్రకటనల బొమ్మలు ఇంకొన్ని.

ఊరికే పంచినవి కాబట్టి చాలా మంది పారేశారు, మిగిలినవి వానలో తడిసి తుప్పు పట్టాయి, పిల్లల జేబుల్లో గీతలు పడ్డాయి. అందుకే శుభ్రంగా మిగిలినవాటికి గిరాకీ. గిరాకీ ఉన్నచోట నకిలీలూ ఉంటాయి. ఇండియాలో కూర్చుని ఆన్‌లైన్లో కొనేవాళ్ళకీ, అమెరికాలో ఉంటూ వీకెండ్‌లో పాత సామాన్ల సంతలకి వెళ్ళే మనవాళ్ళకీ పనికొచ్చేలా, మొదటి బటన్ కొనడం దగ్గర్నుంచి దాన్ని మన వానాకాలంలో కాపాడుకోవడం దాకా వరసగా చెప్తాను.

మొదటి మెట్టు: కాస్త చరిత్ర తెలుసుకోండి, వయసు కట్టడానికి అదే ఆధారం

న్యూజెర్సీలోని న్యూవర్క్ ఈ కథకి పుట్టిల్లు. సెల్యులాయిడ్ అనే తొలితరం ప్లాస్టిక్‌ని వ్యాపారంగా నిలబెట్టిన జాన్ వెస్లీ హయత్ కంపెనీ 1870ల్లో అక్కడికే చేరింది. 1892లో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ కూడా అక్కడే మొదలైంది. కాగితం మీద బొమ్మ అచ్చేసి, దానిమీద పల్చటి పారదర్శకమైన సెల్యులాయిడ్ పొర కప్పి, రెండింటినీ రేకు బిళ్ళ మీద బిగించి, వెనక తీగ పిన్ను పెట్టే పద్ధతికి ఈ కంపెనీ 1896లో పేటెంట్లు సంపాదించింది. అదే ఏడాది మెకిన్లీ, బ్రయాన్‌ల మధ్య అధ్యక్ష ఎన్నికలు రావడంతో బటన్లు దేశమంతా పాకిపోయాయి. (ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు ఎంతమందో! న్యూవర్క్ వాళ్ళకి కూతవేటు దూరమే. ఈ వస్తువులు పుట్టిన చోటు పక్కనే కాపురం ఉంటున్నామని గుర్తుంచుకుంటే ఆదివారం సంతకి వెళ్ళడానికి ఇంకాస్త హుషారొస్తుంది.)

రెండో మలుపు లిథో బటన్. ఇందులో కాగితం లేదు, సెల్యులాయిడ్ లేదు. పెద్ద రేకు మీదే నేరుగా రంగులు అచ్చేసి, గుండ్రంగా కోసి, అంచు వెనక్కి మడిచేస్తారు. ఖర్చు బాగా తక్కువ. 1920 ప్రాంతానికి ఇవి వాడుకలోకి వచ్చాయి, ఆ తర్వాత లక్షల్లో పంచాల్సినవన్నీ దాదాపు ఇలాగే చేశారు. కాబట్టి ఎవరైనా లిథో బటన్ చూపించి ఇది 1900 నాటిదంటే అక్కడితో మాట ఆపేయొచ్చు.

రెండో మెట్టు: ఒక్క దారి ఎంచుకోండి

అన్నీ కొనేద్దామనుకుంటే డబ్బులు పోతాయి, చూపు పదును ఎక్కదు. ఒకే రకం బటన్లు పదేపదే చూస్తేనే ఏది మామూలో, ఏది తేడాగా ఉందో కంటికి తెలుస్తుంది. కొత్తవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది కెలాగ్స్ పెప్ బటన్లతో మొదలుపెట్టమని.

పెప్ అనేది కెలాగ్స్ వాళ్ళ గోధుమ అటుకుల్లాంటి సీరియల్. రేడియోలో సూపర్‌మ్యాన్ సాహసాల ధారావాహికకి స్పాన్సర్ అదే. 1945 నుంచి 1947 దాకా ఆ డబ్బాల్లో ఒక్కో చిన్న లిథో బటన్ పెట్టి ఇచ్చారు. కొలత అంగుళంలో 16 భాగాలు చేస్తే 13 భాగాలు, అంటే దాదాపు 21 మిల్లీమీటర్లు. మొత్తం అయిదు సెట్లు, సెట్టుకి 18 బటన్లు, ప్రతి సెట్టులోనూ సూపర్‌మ్యాన్ ఉంటాడు కాబట్టి వేర్వేరు బొమ్మలు లెక్కేస్తే 86. డిక్ ట్రేసీ, బ్లాండీ, డాగ్‌వుడ్, ఆలివ్ ఆయిల్, వింపీ, ఫ్లాష్ గోర్డన్, ఇలా ఆనాటి దినపత్రికల కామిక్స్ వీధంతా అందులో ఉంది. వెనక కెలాగ్స్ పెప్ అని అచ్చేసి ఉంటుంది. నేను దీన్నే ఎందుకు సిఫారసు చేస్తానంటే, పూర్తి జాబితా తెలుసు, అచ్చయిన సంఖ్య ఎక్కువ కాబట్టి సాధారణ బొమ్మలు బాగున్న స్థితిలో కూడా పది ఇరవై డాలర్ల లోపే దొరుకుతాయి, ఒక్కో సెట్టు పూర్తయ్యే కొద్దీ చేతికి అందేంత దూరంలో ఒక లక్ష్యం కనిపిస్తూ ఉంటుంది. ఖరీదైనవి ఫాంటమ్, ఫెలిక్స్ అనే పిల్లి, ఆ తర్వాత పొపాయ్, సూపర్‌మ్యాన్. 1964 నుంచి వచ్చిన ఇంద్రజాల్ కామిక్స్ చదివి పెరిగినవాళ్ళకి ఫాంటమ్ అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు, కానీ మొదటి కొనుగోలుగా దాని మీద పడొద్దు. ముందు పాతిక మామూలు పెప్ బటన్లు చేత్తో పట్టుకుని చూశాక ఫాంటమ్ వైపు వెళ్ళండి.

పెప్ కాకుండా వేరే దారులు కూడా ఉన్నాయి. పాతకాలం మీద మోజుంటే ఎల్లో కిడ్. రిచర్డ్ అవుట్‌కాల్ట్ న్యూయార్క్ పత్రికల్లో గీసిన బోడిగుండు పిల్లాడు, పొడుగు పసుపు చొక్కా, మాటలన్నీ ఆ చొక్కా మీదే. 1896లో హై అడ్మిరల్ సిగరెట్ల వాళ్ళు ఈ పిల్లాడి బటన్లు అంకెలు వేసి విడుదల చేశారు, అవి నూట అరవై దాకా ఉన్నాయి. కామిక్ పాత్రని వస్తువులు అమ్మడానికి ఇంత భారీగా వాడుకున్న తొలి ఉదాహరణల్లో ఇదొకటి. అదే అవుట్‌కాల్ట్ 1902లో పుట్టించిన బస్టర్ బ్రౌన్ చెప్పుల నుంచి రొట్టెల దాకా చాలా వస్తువులకి ముఖమయ్యాడు, అతని బటన్లు ఎల్లో కిడ్ కన్నా రంగుల్లో అందంగా ఉంటాయని నా అభిప్రాయం.

క్లబ్బుల బటన్లు ఇంకో లోకం. 1929లో కాలిఫోర్నియాలోని ఓషన్ పార్క్‌లో ఒక సినిమా హాల్లో మొదలైన మిక్కీ మౌస్ క్లబ్బు కొద్ది కాలంలోనే దేశమంతా హాళ్ళకి పాకింది, శనివారం పూట పిల్లలు ఆ బటన్ పెట్టుకుని వచ్చేవాళ్ళు. 1939 నుంచి యాక్షన్ కామిక్స్ వాళ్ళ సూపర్‌మెన్ ఆఫ్ అమెరికా క్లబ్బు సభ్యులకి బటన్ ఇచ్చింది. ఇవి సెల్యులాయిడ్ రకం, ఖరీదెక్కువ, నకళ్ళూ ఎక్కువ. వీటి జోలికి రెండో ఏడాది వెళ్ళండి.

ప్రకటనల బొమ్మల్లో మిస్టర్ పీనట్ 1916లో ఒక స్కూలు పిల్లాడి గీతతో మొదలైంది, రెడ్డీ కిలోవాట్‌ని 1926లో అలబామా పవర్ కంపెనీలో యాష్టన్ కాలిన్స్ సృష్టించాడు. 1960ల వాళ్ళకి బీటిల్స్ బటన్లు, పసుపు నవ్వు ముఖం. ఆ నవ్వు ముఖాన్ని 1963లో మసాచుసెట్స్‌లోని వోర్సెస్టర్‌లో హార్వీ బాల్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కోసం గీశాడు, అందుకు అతనికి ముట్టింది 45 డాలర్లు. 1970ల మొదట్లో ఫిలడెల్ఫియాకి చెందిన ఇద్దరు అన్నదమ్ములు అలాంటి బటన్లే కోట్లల్లో అమ్మారు. అందుకే నవ్వు ముఖం బటన్ ఎంత పాతదైనా పెద్ద ధర పెట్టొద్దు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పాత ప్రకటనల బొమ్మల్లో నల్లజాతి వాళ్ళని వెక్కిరిస్తూ గీసినవి చాలా ఉన్నాయి. పాన్‌కేక్ పిండి డబ్బాల మీది ఆంట్ జెమైమా, వాషింగ్ పౌడర్ డబ్బాల మీది గోల్డ్ డస్ట్ కవలలు అలాంటివే. చరిత్రగా దాచేవాళ్ళు దాస్తారు, మ్యూజియంలూ దాస్తాయి. కానీ అది ఏంటో, ఎందుకు తప్పో పక్కన రాసి పెట్టకుండా గోడకి అలంకారంగా తగిలించడం నాకు సమ్మతం కాదు. మీరు కొనాలనుకుంటే ముందు దాని వెనకున్న కథ చదవండి.

మూడో మెట్టు: సెల్యులాయిడా, లిథోనా తేల్చండి

చేతిలోకి తీసుకోగానే చేయాల్సిన మొదటి పని ఇదే. బటన్ అంచుని కిటికీ వెలుగులో వంచి చూడండి. సెల్యులాయిడ్ రకంలో బొమ్మ మీద గాజులాంటి పొర కనిపిస్తుంది, అంచు దగ్గర ఆ పొర మడత పడి వెనక్కి వెళ్తుంది, వెనక ఒక రేకు రింగు దాన్ని బిగించి ఉంచుతుంది. ఆ రింగుని సేకరించేవాళ్ళు కాలెట్ అంటారు. లిథో రకంలో రంగు నేరుగా లోహం మీదే ఉంటుంది, గీత పడ్డచోట లోపలి రేకు మెరుస్తుంది.

సెల్యులాయిడ్‌కి ఇంకో పరీక్ష ఉంది, మన ముక్కుకి బాగా అలవాటైన వాసనే. బొటనవేలితో పొర మీద కాసేపు గట్టిగా రుద్దండి, వేడెక్కగానే వాసన చూడండి. సన్నగా కర్పూరం వాసనొస్తే అది సెల్యులాయిడ్, ఎందుకంటే దాని తయారీలో కర్పూరం కలుస్తుంది. చాలా పాతవాటిలో వాసన పోయి ఉండొచ్చు, కాబట్టి రాకపోతే నకిలీ అని తీర్మానించొద్దు. కొంతమంది సూది కాల్చి గుచ్చి చూడమని సలహా ఇస్తారు. అస్సలు వద్దు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది, బటనూ పోతుంది, వేళ్ళూ కాలతాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సెల్యులాయిడ్ స్థానంలో అసిటేట్, ఆ తర్వాత మైలార్ లాంటి ప్లాస్టిక్ పొరలు వచ్చాయి. అయినా అలవాటుగా వాటిని కూడా సెల్లో అనే అంటారు, అమ్మేవాళ్ళ వివరణ చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి.

నాలుగో మెట్టు: వెనకా అంచూ చదవడం

బొమ్మని కాపీ కొట్టడం తేలిక, వెనక భాగాన్ని కాపీ కొట్టడం కష్టం. అందుకే అనుభవం ఉన్న సేకర్తలు బటన్ని చేతికి ఇవ్వగానే వెనక్కి తిప్పుతారు.

పాత సెల్యులాయిడ్ బటన్ల వెనక గుండ్రటి కాగితం ఉంటుంది. దాన్ని బ్యాక్ పేపర్ అంటారు. తయారీదారు పేరు, ఊరు, పేటెంటు తేదీలు, కొన్నిసార్లు ఆ బటన్ ఇచ్చిన కంపెనీ ప్రకటన దానిమీద ఉంటాయి. వైట్‌హెడ్ అండ్ హోగ్ కాగితాల మీద 1896 జులై 21 అనే తేదీ తరచూ కనిపిస్తుంది. అది పేటెంటు తేదీ మాత్రమే. అదే తేదీ ఉన్న కాగితాన్ని వాళ్ళు ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాడారు. అమ్మేవాళ్ళు చాలా మంది ఈ తేదీ పట్టుకుని 1896 నాటి బటన్ అని రాసేస్తారు, మీరు మాత్రం 1896 తర్వాతది అని చదువుకోండి. మిగతా పేర్లలో రోచెస్టర్‌లోని బాస్టియన్ బ్రదర్స్, చికాగోలోని పారిసియన్ నావెల్టీ, గ్రీన్ డక్, మిస్సౌరీలోని సెయింట్ లూయిస్ బటన్ కంపెనీ తరచూ తగులుతాయి. 1964 నాటి బీటిల్స్ బటన్లలో చాలావాటి మీద గ్రీన్ డక్ పేరే ఉంటుంది.

కాగితం లేకపోతే అంచు చూడండి. మడత మీద సన్నటి అక్షరాల్లో తయారీదారు పేరో, కార్మిక సంఘం గుర్తో, కాపీరైట్ వాక్యమో ఉంటుంది. ఆ వాక్యాలు వయసు చెప్పేస్తాయి. డిస్నీనే తీసుకోండి: మొట్టమొదటి మిక్కీ క్లబ్బు బటన్ల మీద డబ్ల్యూ. ఇ. డిస్నీ అనీ, 1928-1930 అనీ ఉంటుంది. 1930ల్లో వాల్ట్ డిస్నీ ఎంటర్‌ప్రైజెస్, ఆ దశాబ్దం చివరి నుంచి 1980ల దాకా వాల్ట్ డిస్నీ ప్రొడక్షన్స్, ఆ తర్వాత ఉట్టి డిస్నీ. 1932 నాటి మిక్కీ అని చెప్పి దానిమీద ప్రొడక్షన్స్ అని ఉంటే ఇక వాదన అక్కర్లేదు. అలాగే చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ ఉంటే ఆ బటన్ 1963 జులై తర్వాతది. సున్నాలో ఆర్ అక్షరం ఉన్న రిజిస్టర్డ్ గుర్తు ఉంటే 1946 చట్టం తర్వాతదని అనుకోవచ్చు.

పిన్ను కూడా చూడండి. పాత సెల్యులాయిడ్ బటన్లలో పిన్ను ఒకే తీగ, వంచి కాలెట్ గాడిలో ఇమిడేలా స్ప్రింగులా పెడతారు, తీగ రంగూ లోపలి రేకు రంగూ ఒకే తీరుగా వయసు మళ్ళి ఉంటాయి. ముందు తళతళ మెరుస్తూ వెనక మాత్రం గోధుమరంగు తుప్పు పూసినట్టుంటే అనుమానించండి.

అయిదో మెట్టు: నకిలీ పట్టుకోవడం

కొనాల్సిన పనిముట్లు రెండే. ఒకటి పదింతలు పెద్దది చేసి చూపించే భూతద్దం. బంగారం కొట్టువాళ్ళు కంటికి పెట్టుకునేది ఉంటుంది చూడండి, అదే. రెండోది కరెన్సీ నోట్లు పరీక్షించే చిన్న యూవీ టార్చి.

భూతద్దంతో అక్షరాల దగ్గరకి వెళ్ళండి, బొమ్మ దగ్గరకి కాదు. అసలు బటన్లో నల్లటి అక్షరం గట్టి సిరాతో, నిండుగా, పదునైన అంచుతో ఉంటుంది. స్కాన్ చేసి ప్రింటర్లో తీసిన నకలులో అదే అక్షరం రంగు చుక్కలుగా విడిపోతుంది, అంచు పొడి చల్లినట్టుంటుంది. బొమ్మలో చుక్కలుండటం సహజమే, పాత అచ్చులోనూ చుక్కలుంటాయి, కానీ అక్షరాల్లో చుక్కలుండకూడదు. ఈ ఒక్క పరీక్షకే ఇంటి ప్రింటర్లో తీసిన నకళ్ళు చాలా మటుకు దొరికిపోతాయి.

చీకటి గదిలో యూవీ వెలుగు బ్యాక్ పేపర్ మీద వేయండి. 1950 ప్రాంతం నుంచి కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుగులో నీలం తెలుపుగా మెరుస్తాయి. 1910 నాటిదని చెప్పిన బటన్ వెనక కాగితం ట్యూబ్‌లైట్ లాగా వెలిగితే తిరిగిచ్చేయండి. పాత కాగితం మందంగా, పసుపు గోధుమ రంగులో ఊరుకుంటుంది.

కాపీలకన్నా ప్రమాదకరమైనవి సేకర్తలు ఫాంటసీ అని పిలిచే బటన్లు. అసలు ఆ కాలంలో అలాంటి బటనే లేదు, ఎవరో ఈ మధ్య పాత బొమ్మ తీసుకుని పాతకాలం వాక్యం రాసి కొత్తగా చేశారు. పోల్చి చూడటానికి అసలుదే లేదు కాబట్టి కొత్తవాళ్ళు పడిపోతారు. దీనికి మందు ఒకటే, కొనే ముందు జాబితాల్లో, పాత వేలాల రికార్డుల్లో అది ఉందో లేదో చూడటం. 1967లో మొదలైన హేక్స్ వేలం సంస్థ పాత అమ్మకాల ఫొటోలు, ధరలు ఆన్‌లైన్లో పెడుతుంది. చికాగోలోని బిజీ బీవర్ వాళ్ళ బటన్ మ్యూజియం సైట్లో వేల బటన్లు వివరాలతో ఉన్నాయి. రాత్రిళ్ళు సీరియల్ బదులు అవి చూడండి, ఉచితంగా ఇంత చదువు ఇంకెక్కడా దొరకదు.

చట్టం కాపాడుతుందనుకోవద్దు. అమెరికాలో 1973 నాటి హాబీ ప్రొటెక్షన్ చట్టం ప్రకారం రాజకీయ బటన్ల నకళ్ళ మీద తయారైన సంవత్సరం చెరిగిపోకుండా వేయాలి. కామిక్, ప్రకటనల బొమ్మలకి ఆ రక్షణ లేదు. కొలత కూడా ఒక హెచ్చరికే: రెండుంపావు అంగుళాల బటన్ ఈనాటి చిన్న బటన్ మెషీన్లలో బాగా వాడుకలో ఉన్న సైజు. పాత కామిక్ బటన్లు ఎక్కువగా ముప్పావు నుంచి ఒకటింపావు అంగుళం మధ్యే ఉంటాయి.

ఆరో మెట్టు: స్థితి చూసి ధర కట్టడం

ఈ హాబీలో స్థితే ధర. ఒకే బటన్, ఒకటి కొత్తదానిలా ఉండి ఇంకొకటి మరకలతో ఉంటే రెంటి ధరా నాలుగైదింతలు తేడా రావడం మామూలే. సెల్యులాయిడ్‌లో చూడాల్సిన ముఖ్యమైన రోగం గోధుమ మరకలు, ఫాక్సింగ్ అంటారు. చెమ్మ అంచు సందులోంచి లోపలికి దూరి కాగితాన్ని మరక చేస్తుంది, ఎవరూ దాన్ని తీయలేరు. అంచు దగ్గర పొర చీలిందా, బొమ్మ పక్కకి జరిగి అచ్చయిందా, ఎండకి రంగు వెలిసిందా చూడండి. ఎరుపూ పసుపూ ముందు వెలుస్తాయి, బొమ్మంతా నీలంగా మిగిలితే కిటికీ దగ్గర ఏళ్ళు గడిపిందని అర్థం. లిథోల్లో గీతలు, గుంటలు, తుప్పు చుక్కలు.

నా సలహా: ఖరీదైన బొమ్మని చెడిపోయిన స్థితిలో కొనేకన్నా, మామూలు బొమ్మని నిగనిగలాడే స్థితిలో కొనండి. అమ్మాలనుకున్న రోజున రెండోదే ముందు పోతుంది. పిన్ను లేకపోయినా, వంగిపోయినా ధర తగ్గించి అడగండి, కానీ ముందు భాగం అద్భుతంగా ఉంటే అది పెద్ద లోపం కాదు.

ధర తెలుసుకోవడానికి ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్లో అడుగుతున్న ధరలు చూడొద్దు, అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టి చూడండి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఇచ్చినవాడున్నాడా అన్నదే లెక్క.

ఏడో మెట్టు: ఎక్కడ, ఎలా కొనాలి

అమెరికాలో ఉన్నవాళ్ళది అదృష్టం. మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్‌లో మే, జులై, సెప్టెంబరు నెలల్లో పెద్ద సంత జరుగుతుంది. న్యూజెర్సీ వాళ్ళకి లాంబర్ట్‌విల్, డాలస్ వాళ్ళకి నెలనెలా కాంటన్‌లో జరిగే సంత, లాస్ ఏంజెలెస్ వాళ్ళకి రెండో ఆదివారం పాసడీనా రోజ్ బౌల్. పొద్దున్నే వెళ్ళండి. గాజు పెట్టెల్లో ముద్దుగా పేర్చినవాటికన్నా, సిగరెట్ డబ్బాల్లో కుప్పగా పోసినవాటి దగ్గరే మంచివి చవగ్గా దొరుకుతాయి. బేరం ఆడటం అక్కడ తప్పు కాదు, నాలుగైదు కలిపి తీసుకుంటే ఎంతకిస్తారని మర్యాదగా అడగండి.

ఇండియా నుంచి కొనేవాళ్ళు అమ్మే వ్యక్తిని ముందే ఈ ఫొటోలు అడగండి: వెనక భాగం నేరుగా, అంచు దగ్గర్నుంచి, వెలుగు ఏటవాలుగా పడేలా ముందు భాగం, పక్కన స్కేలు పెట్టి ఒకటి. వెనక ఫొటో ఇవ్వనంటే వదిలేయండి, ఎంత ఇష్టమైన బొమ్మైనా సరే. బటన్ ఖరీదు అయిదు డాలర్లయితే పోస్టేజీ అంతకు మించిపోవచ్చు, అందుకే ఒకే అమ్మకందారు దగ్గర కొన్ని కలిపి తీసుకుని ఒకే పార్సెల్‌గా పంపమనండి. కస్టమ్స్ సుంకం లెక్కలో వేసుకోండి. గిఫ్ట్ అని రాయిస్తే సుంకం పడదన్న మాట నమ్మొద్దు, 2019 డిసెంబరు నుంచి పోస్టులో, కొరియర్లో వచ్చే గిఫ్టులకి ఆ సడలింపు తీసేశారు. చాలా మంది చేసే పని అమెరికాలో ఉన్న అన్నయ్య ఇంటికో, స్నేహితుడి ఇంటికో తెప్పించి, వాళ్ళు సెలవులకి వచ్చేటప్పుడు తెమ్మనడం. అలాగైతే ప్రతి బటన్నీ విడివిడిగా మెత్తటి కాగితంలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టమని చెప్పండి, ఒకే కవర్లో కలిపి వేస్తే ఒకదాని పిన్ను ఇంకోదాని ముఖం గీకేస్తుంది.

ఎనిమిదో మెట్టు: శుభ్రం చేయడం, వీలైనంత తక్కువ

లిథో అయితే పొడి మెత్తటి బ్రష్షు, పొడి కాటన్ గుడ్డ, అంతే. ఇత్తడి సామాన్లు తోమే పాలిష్ రాస్తే రంగు లేచిపోతుంది. సెల్యులాయిడ్ అయితే గుడ్డని తడిపి గట్టిగా పిండి, మధ్య భాగాన్ని మాత్రం తేలిగ్గా తుడిచి వెంటనే ఆరబెట్టండి, అంచు దగ్గరకి తడి పోనివ్వొద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ సెల్యులాయిడ్‌ని కరిగించేస్తుంది, శానిటైజర్ కూడా వద్దు. స్టిక్కర్ జిగురు ఉంటే అలాగే ఉండనివ్వండి. బ్యాక్ పేపర్ని ఊడదీయొద్దు, మురికిగా ఉన్నా సరే. దాని విలువ అక్కడ ఉండటంలోనే ఉంది.

తొమ్మిదో మెట్టు: మన వాతావరణంలో దాచడం

విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి చోట్ల ఇదే అసలు టెన్షన్. ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది, చెమ్మకి కాగితం మరకలెక్కుతుంది. బీరువాలో, లోపలి గదిలో, నేలకి కాస్త ఎత్తుగా పెట్టండి. పక్కన సిలికా జెల్ సంచి ఉంచి, నీలం గింజలు గులాబీ రంగుకి తిరగ్గానే మార్చండి లేదా వేడిచేసి మళ్ళీ వాడండి.

సెల్యులాయిడ్ బటన్లని గాలి చొరకుండా జిప్ కవర్లలో బిగించొద్దు. వయసు మీదపడ్డ సెల్యులాయిడ్ నుంచి సన్నగా ఆమ్లపు ఆవిరి వస్తూంటుంది, మూసి ఉంచితే అదే దాన్ని ఇంకా తింటుంది, పక్కవాటి లోహాన్నీ తినేస్తుంది. జిగటగా తగిలినా, సన్న పగుళ్ళు సాలెగూడులా కనిపించినా, ఘాటు వాసన వచ్చినా ఆ బటన్ని ఆ రోజే విడిగా పెట్టండి. కలరా ఉండలు బీరువాలో వేసే అలవాటుంటే బటన్లున్న అరలో మానేయండి, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్ పొరలని మెత్తబరుస్తుంది. పూజ గది పక్కనా, వంటింటి గట్టు మీదా సెల్యులాయిడ్ పెట్టొద్దు, నిప్పు సంగతి పైనే చెప్పాను.

పెట్టుకోవడానికి నాణేలు, స్టాంపుల సామాను అమ్మే దుకాణాల్లో దొరికే ఆల్బమ్ పేజీలు పెప్ లాంటి చిన్నవాటికి సరిపోతాయి, కానీ పీవీసీ పేజీలు వద్దు, పాలీప్రొపిలీన్‌వి అడగండి. పీవీసీ నెమ్మదిగా జిడ్డు వదిలి బొమ్మకి అతుక్కుంటుంది. గోడకి పెట్టాలంటే గాజు మూతా లోపల దూదీ ఉన్న పల్చటి పెట్టెలు దొరుకుతాయి, అమెరికాలో వాటిని రైకర్ మౌంట్లంటారు, ఫొటో ఫ్రేములు కట్టేవాళ్ళ చేత అలాంటివి చేయించుకోవచ్చు. ఎండ పడని గోడ చూసుకోండి. వెల్వెట్ గుడ్డకి గుచ్చి పెట్టే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది కానీ, గుచ్చిన ప్రతిసారీ పాత పిన్ను మీద బలం పడి కాలెట్ సడలుతుంది.

పదో మెట్టు: రాసి పెట్టుకోవడం, మార్చుకోవడం

ఎక్సెల్ షీటులోనో, పుస్తకంలోనో ఒక్కో బటన్‌కి ఇవి రాయండి: బొమ్మ, కొలత మిల్లీమీటర్లలో, రకం, వెనకా అంచునా ఉన్న అక్షరాలు ఉన్నవున్నట్టుగా, లోపాలు, ఎవరి దగ్గర ఎంతకి కొన్నారో. ముందూ వెనకా ఫొటోలు తీసి అదే నంబరు పెట్టండి. పెప్ సెట్టు కట్టేవాళ్ళు 86 పేర్ల జాబితా ఫోన్లోనే ఉంచుకుంటే సంతలో నిలబడి ఉన్నదే మళ్ళీ కొనే గొడవ ఉండదు. డూప్లికేట్లు ఎలాగూ పోగవుతాయి, వాటిలో బాగున్నది మీ దగ్గరుంచుకుని మిగిలింది వేరే సేకర్తలతో మార్చుకోండి. మార్చుకునేటప్పుడు లోపం ఉంటే మీరే ముందు చెప్పండి, వెనక వైపు ఫొటో వాళ్ళు అడక్కముందే పంపండి.